జరగని చరిత్ర, జరిగిన చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రత్యామ్నాయ చరిత్ర కథ అంటే ఏమిటి?

చరిత్రలో నిజంగా జరిగిన ఒక ఘట్టాన్ని తీసుకుని, అది మరోలా ముగిసి ఉంటే తరువాతి లోకం ఎలా ఉండేదో చెప్పే కల్పన. ఓడిన సైన్యం గెలుస్తుంది, యుద్ధంలో చనిపోయిన రాకుమారుడు బతుకుతాడు, గురి తప్పిన తుపాకీ గుండు ఈసారి తగులుతుంది. కథలోని లోకం మన లోకం నుంచి విడిపోయే ఆ చోటును ఇక్కడ 'చీలిక' అంటాను. చీలికకు ముందున్నదంతా మన చరిత్రే కావాలి. తరువాతిది రచయిత ఊహ. అయితే అది ఇష్టం వచ్చినట్టు సాగే ఊహ కాదు. ఒకటి మారితే దాని వెంట ఏవేవి మారతాయో లెక్కగట్టి చెప్పవలసిన ఊహ.

చారిత్రక నవలకూ దీనికీ తేడా ఏమిటి?

చారిత్రక నవల ఆధారాలు మౌనంగా ఉన్నచోట కల్పిస్తుంది. రాజు ఫలానా తిథినాడు దండెత్తాడని శాసనం చెబితే, బయలుదేరే ముందు రాణితో ఏం మాట్లాడాడో నవల చెబుతుంది. శాసనాన్ని మాత్రం కాదనదు. ప్రత్యామ్నాయ చరిత్ర తెలిసి తెలిసి శాసనాన్ని కాదంటుంది. కాబట్టి అసలు ఏం జరిగిందో పాఠకుడికి ముందే తెలిసి ఉండాలి. 1761 పానిపట్టు యుద్ధంలో మరాఠాలు అఫ్గాన్ల చేతిలో ఓడిపోయారని తెలియని పిల్లవాడికి వాళ్లు గెలిచిన కథ చెబితే, వాడికి అది చరిత్ర పాఠమే అవుతుంది. ఈ రకం కథలంటే నాకు ఎంత ఇష్టమో, వాటి విషయంలో అంత జాగ్రత్త అవసరమని కూడా అనిపించేది ఇందుకే.

మరి 'ఆదిత్య 369' లాంటి కాలయంత్రం కథలు?

1991లో వచ్చిన ఆ సినిమాలో పాత్రలు 1526 నాటి కృష్ణదేవరాయల కాలానికి వెళతాయి, భవిష్యత్తుకూ వెళతాయి. కానీ వాళ్లు వెళ్లినందువల్ల విజయనగర చరిత్ర దారి మారిపోదు. అది కాలప్రయాణం, ప్రత్యామ్నాయ చరిత్ర కాదు.

ఇలాంటివి ఎప్పటి నుంచి రాస్తున్నారు?

చాలాకాలంగా. రెండు వేల సంవత్సరాల కిందట రోమన్ చరిత్రకారుడు లివీ తన రోమ్ చరిత్ర తొమ్మిదో భాగంలో కథనాన్ని కాసేపు ఆపి, అలెగ్జాండర్ తూర్పుకు కాక పడమటికి వచ్చి రోమ్‌తో తలపడి ఉంటే ఏమయ్యేదో చర్చించాడు. రోమే గెలిచేదని తేల్చాడు.

పూర్తి నవలగా చూస్తే, 1836లో ఫ్రెంచి రచయిత లూయీ జెఫ్రాయ్ రాసిన నెపోలియన్ నవలను మొదట చెప్పుకుంటారు. అందులో 1812లో నెపోలియన్ తగలబడిన మాస్కోలో కూర్చోకుండా ముందుకు కదులుతాడు, చివరకు ప్రపంచమంతా గెలుస్తాడు. నన్ను బాగా ఆకట్టుకున్నది అందులోని ఒక చిన్న అధ్యాయం. నెపోలియన్ వాటర్లూలో ఓడి సెయింట్ హెలీనా ద్వీపంలో చనిపోయాడని ఎవరో పచ్చి అబద్ధాలు ప్రచారం చేస్తున్నారని కథకుడు అందులో మండిపడతాడు. అంటే మన చరిత్ర వాళ్ల లోకంలో కట్టుకథ. ఈ సాహిత్యం పుట్టుకలోనే 'ఏది నిజం' అనే ప్రశ్న కలిసి పుట్టింది.

దాదాపు వందేళ్ల తరువాత విన్‌స్టన్ చర్చిల్ అదే పని మరింత నేర్పుగా చేశాడు. 1931లో వెలువడిన ఒక వ్యాస సంకలనంలో, అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ దగ్గర దక్షిణాది సేనాని లీ గెలవకపోయి ఉంటే ఏమయ్యేదని రాశాడు. నిజానికి 1863 జూలైలో లీ ఓడిపోయాడు. అంటే ఆ వ్యాసం రాస్తున్న కథకుడు లీ గెలిచిన లోకంలో కూర్చుని, మన లోకాన్ని ఊహించడానికి ప్రయత్నిస్తున్నాడు.

భారతదేశం గురించి చెప్పదగిన కథ ఏదైనా ఉందా?

ఉంది. అది మనలో చాలామంది పదకొండో తరగతి ఇంగ్లీషు పాఠంగా చదివిందే. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ రాసిన 'ది అడ్వెంచర్' ఎన్‌సీఈఆర్‌టీ వారి 'హార్న్‌బిల్' పుస్తకంలో ఉంది. పరీక్ష కోసం చదివి మరిచిపోయినవారు మళ్లీ ఒకసారి తీసి చదవండి.

చరిత్ర ఆచార్యుడు గంగాధరపంత్ గాయతోండే పుణె నుంచి బొంబాయికి రైలెక్కుతాడు. దిగేసరికి అది ఇంకా ఈస్టిండియా కంపెనీ చేతిలోని బొంబాయి. తన కొడుకు పనిచేయవలసిన సంస్థకు వెళ్లి అడిగితే, ఆ పేరు గలవారెవరూ అక్కడ లేరు. అప్పుడాయన చరిత్రకారుడు చేయవలసిన పనే చేస్తాడు. గ్రంథాలయానికి వెళ్లి, తాను రాసిన అయిదు సంపుటాల చరిత్రను తెప్పించుకుని వరసగా చదువుతాడు. నాలుగు సంపుటాలు ఆయన రాసినట్టే ఉన్నాయి. అయిదో సంపుటంలో పానిపట్టు దగ్గర తేడా వస్తుంది. మరాఠాలు గెలిచారు.

మన చరిత్రలో 1761 జనవరి 14న జరిగిన ఆ యుద్ధంలో పీష్వా కుమారుడు విశ్వాసరావు గుండు తగిలి చనిపోయాడు. మరాఠా సేన కకావికలైంది. కథలోని లోకంలో ఆ గుండు అతని చెవి పక్కనుంచి దూసుకుపోయింది. అంతే తేడా. దాని వెంట కంపెనీ విస్తరణ ఆగిపోయి, బొంబాయిలో మాత్రం వ్యాపారం కోసం ఉండనిచ్చిన భారతదేశం ఒకటి తయారైంది.

యుద్ధభూమి మన నేలకు దూరమే అయినా మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. పానిపట్టులో మరాఠాల ఫిరంగులను నడిపిన ఇబ్రహీం ఖాన్ గార్దీ అంతకుముందు నిజాం కొలువులో పనిచేసినవాడు. దక్కనులో ఫ్రెంచివారు నేర్పిన పద్ధతిలో తర్ఫీదు పొందాడు.

ఆ కథ చివర ఏది నిజమని తేలుతుంది?

గాయతోండే మన లోకానికి తిరిగి వస్తాడు. ఆయన జేబులో ఆ లోకపు పుస్తకం నుంచి చినిగిన ఒక కాగితం ఉంటుంది. గుండు చెవి పక్కనుంచి పోయిందని చెప్పే 'భావుసాహెబు బఖర్' పుట అది. మన లోకపు ప్రతిలో అదే చోట విశ్వాసరావుకు గుండు తగిలిందని ఉంటుంది. గణితం తెలిసిన మిత్రుడు రాజేంద్ర దేశ్‌పాండే క్వాంటమ్ సిద్ధాంతాన్ని అడ్డం పెట్టి ఒక వివరణ ఇస్తాడు.

నార్లికర్ ఇక్కడ చూపిన నిజాయితీ నాకు చాలా ఇష్టం. ఆచార్యుడి మాటను మిత్రుడు ఊరికే నమ్మడు, ఆధారం అడుగుతాడు. కాగితం చూపించాకే చర్చ ముందుకు వెళుతుంది. అయితే ఆ ఆధారం 'బఖర్' కావడంలో ఇంకో లోతు ఉంది. బఖర్ అంటే మరాఠీ వచన కథనం. చాలా బఖర్లు ఘటనల తరువాత రాసినవి, వాటిలో జనశ్రుతి కలిసి ఉంటుంది. అందుకే చరిత్రకారులు వాటిని ఆనాటి ఉత్తరాలతో పోల్చి చూశాకే వాడుకుంటారు. మన లోకపు పుట కూడా పరీక్షకు నిలబడవలసిన పుటే.

పానిపట్టు విషయంలో ఈ అనుమానం కల్పన కాదు. మరాఠా సేనాపతి సదాశివరావు భావు ఆ యుద్ధంలో చనిపోయాడు, కానీ ఆయన భార్య పార్వతీబాయి తాను వితంతువునని ఒప్పుకోలేదు. కొన్నేళ్లకు ఒకతను తానే భావునని చెప్పుకుంటూ బయలుదేరాడు. నమ్మినవారు నమ్మారు, అతని వెంట జనం పోగయ్యారు. విచారణలు జరిగి, చివరకు 1776లో అతనికి మరణశిక్ష పడింది. భావు బతికి వచ్చిన చరిత్ర కోసం అప్పటి మనుషులే అంతగా ఎదురుచూశారు. అది కథగా మిగలలేదు, ప్రాణాలు తీసింది.

'ది మ్యాన్ ఇన్ ది హై కాజిల్' గురించి అందరూ ఎందుకు మాట్లాడతారు?

ఫిలిప్ కె. డిక్ 1962లో రాసిన ఈ నవలకు మరుసటి ఏడాది, సైన్సు కల్పనకు ఇచ్చే హ్యూగో పురస్కారం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, జపాన్ గెలిచి అమెరికాను పంచుకున్న లోకం అది. చీలిక మాత్రం యుద్ధానికి చాలా ముందే ఉంది. 1933 ఫిబ్రవరి 15న మయామీలో జుసెప్పె జాంగారా అనే వ్యక్తి అధ్యక్షుడిగా ఎన్నికైన రూజ్‌వెల్ట్‌పై కాల్పులు జరిపాడు. నిజంగా జరిగినదేమిటంటే, రూజ్‌వెల్ట్‌కు ఏమీ కాలేదు. పక్కనున్న షికాగో మేయర్ అంటన్ సెర్మాక్‌కు గుండు తగిలి, కొద్ది వారాలకు మరణించాడు. నవలలో ఆ గుండు రూజ్‌వెల్ట్‌ను చంపుతుంది.

'ఏది నిజం' అన్న ప్రశ్నను ఇంత లోతుగా తవ్విన ప్రత్యామ్నాయ చరిత్ర మరొకటి నేను చదవలేదు. అందులో నకిలీ పురాతన వస్తువులు తయారుచేయించే ఒక వ్యాపారి ఉన్నాడు. అతను రెండు సిగరెట్ లైటర్లు చూపిస్తాడు. ఒకటి రూజ్‌వెల్ట్ హత్యకు గురైనప్పుడు ఆయన జేబులో ఉన్నది, రెండోది మామూలుది. పట్టుకుని చూస్తే తేడా ఏమీ తెలియదు. చారిత్రక విలువ వస్తువులో లేదు, దానితో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో ఉందని అతని వాదన. పాఠకుడికి ఇంకో పొర కూడా తెలుస్తుంది: రూజ్‌వెల్ట్ హత్యే జరగలేదు కాబట్టి ఆ లైటరు ఎక్కడా లేదు.

నవల లోపల మరో నవల ఉంది. అందులో జర్మనీ, జపాన్ ఓడిపోతాయి. మన లోకం గురించి రాశారని తొందరపడతాం, కానీ అది మన లోకం కాదు. అందులో రూజ్‌వెల్ట్ రెండు పదవీకాలాలతో దిగిపోతాడు, తరువాత టగ్‌వెల్ అధ్యక్షుడవుతాడు. అంటే మొత్తం మూడు చరిత్రలు. చివరకు చీనా శకున గ్రంథం 'ఈ చింగ్'ను అడిగితే, ఆ లోపలి నవల చెప్పిందే నిజమని జవాబు వస్తుంది. డిక్ తన నవల మలుపులను కూడా ఆ గ్రంథాన్నే అడిగి నిర్ణయించుకున్నాడు.

దీన్ని చదివి 'నిజమంటూ ఏదీ లేదు' అనే నిర్ణయానికి వచ్చేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. నాజీలు గెలిచారన్న లోకంలో బతుకుతున్నవారికి, వాళ్లు ఓడిపోవడమే నిజమని చెప్పడం ధైర్యమిచ్చే మాట. మీరు చూస్తున్న అధికారం శాశ్వతం కాదు, అన్యాయమే లోకధర్మం కాదు అని. దాన్ని ఆధారాలన్నీ సమానంగా బూటకమనే వాదనగా మార్చడం నవలకు చేసే అన్యాయం.

అన్ని లోకాలూ నిజంగానే ఉన్నాయని సైన్సు చెబుతోందా?

అమెరికా భౌతిక శాస్త్రవేత్త హ్యూ ఎవరెట్ 1957లో క్వాంటమ్ సిద్ధాంతానికి ఇచ్చిన ఒక వ్యాఖ్యానం అలాంటి చిత్రాన్ని ఇస్తుంది. అది ఒక వ్యాఖ్యానం మాత్రమే, భౌతిక శాస్త్రవేత్తలందరూ ఒప్పుకున్నది కాదు. ఒప్పుకున్నా, ఒక శాఖ నుంచి మరో శాఖకు వెళ్లి కాగితం చింపుకుని రావడం కుదరదు. పానిపట్టులో ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఉత్తరాలే దిక్కు.

'ఆర్ఆర్ఆర్' ప్రత్యామ్నాయ చరిత్రేనా?

సగం అవును. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం కలుసుకున్నట్టు ఆధారాలు లేవు. ఇద్దరి జీవితాల్లోనూ అంతగా తెలియని సంవత్సరాలు ఉన్నాయి. వాటిని పట్టుకుని 1920 ప్రాంతంలో ఢిల్లీలో ఇద్దరినీ స్నేహితులను చేశారు. ఇంతవరకు అది చారిత్రక కల్పన చేసే పనే. తెల్ల గవర్నర్‌ను చంపడం దగ్గర మాత్రం కథ గీత దాటింది, అలాంటిది జరగలేదు. ఇది కల్పితమని సినిమా తీసినవారు చెప్పే తీశారు. 2022లో చూసినప్పుడు నేనూ అందరిలాగే పొంగిపోయాను.

నా బాధ మరోచోట ఉంది. కొమురం భీం పోరాడింది ప్రధానంగా నిజాం ప్రభుత్వంతో. అడవి మీద, పోడు భూమి మీద, పశువుల మేత మీద గోండులకు హక్కు లేదన్న అధికారులతో. 1940లో జోడేఘాట్ దగ్గర ఆయనను కాల్చి చంపారు. ఆ తిరుగుబాటు తరువాతే గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పిలిపించింది. సీతారామరాజు మన్యం పోరాటం 1922 ఆగస్టులో పోలీసు ఠాణాల మీద దాడులతో మొదలై, 1924 మేలో ఆయన మరణంతో సద్దుమణిగింది. ఇద్దరి పోరాటాలూ వేర్వేరు పాలనల మీద, వేర్వేరు కష్టాల కోసం. సినిమా చూసిన పిల్లలకు జోడేఘాట్ ఎక్కడుందో కూడా చెప్పాలి. అది మన పని, సినిమాది కాదు.

కల్పన అసలును మింగేస్తుందన్నది నిజమేనా?

మన ఇళ్లలోనే జరిగింది. బలరాముడి కూతురు శశిరేఖ పేరు వ్యాసభారతంలో లేదు. 'మాయాబజార్' చూస్తూ పెరిగిన తరాలకు మాత్రం శశిరేఖ లేని భారతం ఊహకు అందదు. ఇతిహాసం విషయంలో అది మన భాగ్యం, కథ మీద కథ అల్లుకోవడం మన సంప్రదాయం. ప్రాణాలు పోగొట్టుకున్నవారి పేర్లున్న నిన్నమొన్నటి చరిత్రకు అదే స్వేచ్ఛ తీసుకుంటే నష్టపోయేది వాళ్లు.

విశ్వనాథ సత్యనారాయణ 'పురాణవైర గ్రంథమాల' ఈ కోవలోకి వస్తుందా?

రాదనే అంటాను. ఆ పన్నెండు నవలల వెనుక, పాశ్చాత్యులు కట్టిన భారతదేశ కాలనిర్ణయం తప్పని, పురాణాల లెక్కే సరైనదని గట్టి నమ్మకం ఉంది. ఆయన 'ఇలా జరిగి ఉంటే' అనలేదు, 'ఇదే జరిగింది' అన్నారు. చాలామంది చరిత్రకారులు ఆ కాలనిర్ణయాన్ని అంగీకరించరు. నవలలుగా చదవండి, కాలనిర్ణయాన్ని విడిగా పరీక్షించండి.

చరిత్రకారులు ఈ ఆటను ఒప్పుకుంటారా?

ఇ.హెచ్. కార్ 1961లో దీన్ని వట్టి కాలక్షేపమని తోసిపుచ్చారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ అంతకు చాలాముందే, ఒక ఘటనకు ఫలానాది కారణం అనాలంటే అది లేకపోతే ఏమయ్యేదో మనసులో ఆలోచించక తప్పదని వాదించారు. ప్రాచీన గ్రీకులు పర్షియన్లతో చేసిన మారథాన్ యుద్ధాన్నే ఉదాహరణగా తీసుకున్నారు. 1997లో నియల్ ఫెర్గూసన్ ఒక హద్దు పెట్టారు: ఆనాటివారు నిజంగా ఆలోచించినట్టు పత్రాల్లో దొరికే ప్రత్యామ్నాయాలనే లెక్కలోకి తీసుకోవాలి. నాకు నచ్చిన హద్దు ఇది. దీనివల్ల మనిషి ఊహకూ పత్రానికీ ముడి తెగదు.

మన నేల మీద మంచి చీలిక ఒకటి చెప్పగలరా?

చందుర్తి. పిఠాపురం దగ్గరి ఊరు, 1758 డిసెంబరు. పలాసి, బొబ్బిలి పేర్లు తెలిసినంతగా చందుర్తి పేరు మనకు తెలియకపోవడం నాకు వెలితిగానే ఉంటుంది. కోస్తా సర్కారులనే తీర జిల్లాలు ఎవరివన్నది ఆ యుద్ధంతోనే చాలావరకు తేలింది.

అప్పటికి సర్కారులు ఫ్రెంచివారి చేతిలో ఉన్నాయి. హైదరాబాదులో ఫ్రెంచి సేనాని బుస్సీ మాట చెల్లుతోంది. 1758లో పుదుచ్చేరి నుంచి అతని పైఅధికారి లాలీ అతన్ని వెనక్కి పిలిపించాడు. ఆ అదను చూసి విజయనగరం జమీందారు ఆనంద గజపతి ఇంగ్లీషువారికి కబురు పంపాడు. బెంగాల్ నుంచి క్లైవ్ కర్నల్ ఫోర్డును పంపించాడు. చందుర్తి దగ్గర ఫోర్డు దళంలోని తెల్ల సైనికులు ఎత్తుగా పెరిగిన చేను చాటున ఉన్నారు. ఎర్ర కోట్లు తొడుక్కున్న బెంగాల్ సిపాయిలను చూసి, వాళ్లే తెల్ల దళమని పొరబడి ఫ్రెంచివారు వాళ్ల మీద విరుచుకుపడ్డారు. గెలిచామనుకుని తరుముతుండగా అసలు దళం బయటికి వచ్చి దెబ్బతీసింది. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ రాజమహేంద్రవరం వైపు పారిపోయాడు. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పోయింది.

ఇప్పుడు చీలిక ఎక్కడ పెట్టాలి? ఆ ఏడు చేను అంత ఎత్తు ఎదగలేదనుకోవచ్చు. నేనైతే లాలీ బుస్సీని పిలిపించని చోట పెడతాను. బుస్సీ వెళ్లడానికి ఇష్టపడలేదు, కాబట్టి ఆ దారి ఆనాటివారి మనసులో నిజంగానే ఉంది. బుస్సీ ఉంటే విజయనగరం కబురు పంపేదా? పంపినా ఫోర్డు గెలిచేవాడా?

వెంటనే 'కోస్తా అంతా ఫ్రెంచి మాట్లాడేది' అనేయడం సోమరి ఊహ. సముద్రం మీద ఇంగ్లీషు నౌకాబలానిదే పైచేయి. 1760 జనవరిలో వందవాసిలో లాలీ ఓడాడు, 1763లో ప్యారిస్ సంధి వచ్చింది. చందుర్తిలో ఫ్రెంచివారు గెలిచినా ఆ సంధి బల్ల మీద సర్కారులు చేతులు మారే అవకాశమే ఎక్కువ. నా అంచనాలో మారేది మన జమీందారుల తలరాత. ఎవరి పక్షాన నిలిచారన్నదాన్ని బట్టే తరువాతి కాలంలో ఎవరి సంస్థానం నిలిచింది, ఎవరిది పోయింది అన్నది సాగింది. విజయనగరం బదులు మరో సంస్థానం వెలిగి ఉంటే అక్కడి సంగీతం, అక్కడి చదువులు ఎక్కడికి పోయేవి? అసలు కథ అక్కడ ఉంది. రాయగలవారు రాయండి. ఫ్రెంచి పాలన మన ఊళ్లో ఎలా ఉండేదో ఊహించనక్కరలేదు, 1954 దాకా యానాంలో ఉన్నదే.

ప్రత్యామ్నాయ చరిత్రకూ అబద్ధపు చరిత్రకూ గీత ఎక్కడ?

చెప్పి మార్చడం కల్పన. చెప్పకుండా మార్చడం మోసం. యూదుల మారణకాండను కాదన్నాడని తన గురించి రాసినందుకు బ్రిటిష్ రచయిత డేవిడ్ ఇర్వింగ్, అమెరికా చరిత్రకారిణి డెబోరా లిప్‌స్టాట్ మీదా పెంగ్విన్ ప్రచురణ సంస్థ మీదా లండన్‌లో పరువునష్టం దావా వేశాడు. అక్కడి చట్టం ప్రకారం రాసింది నిజమని నిరూపించుకోవలసిన భారం ఆమె పక్షం మీద పడింది. చరిత్రకారుడు రిచర్డ్ ఎవాన్స్ ఇర్వింగ్ పుస్తకాల్లోని పాదసూచికలను మూలపత్రాలతో పోల్చి చూశారు. పత్రాలను కావాలనే వక్రీకరించాడని 2000 ఏప్రిల్‌లో న్యాయమూర్తి తీర్పు ఇచ్చారు. నాజీలు గెలిచినట్టు నవల రాసినవారెవరూ ఆ బోనులో నిలబడనక్కరలేదు. వాళ్లు ఏ పత్రాన్నీ మార్చలేదు.

ఫోనులో వచ్చిన 'దాచిన చరిత్ర'ను ఎలా పరీక్షించాలి?

ఈ సంగతి మొదట ఏ సంవత్సరంలో, ఎవరు రాశారో అడగండి. ఘటనకు రెండు వందల ఏళ్ల తరువాతిదైతే, అంతకుముందు ఎందుకు ఎవరూ రాయలేదో చూడండి. శత్రుపక్షం రాతల్లో దాని జాడ ఉందా? ఓడినవాడూ గెలిచినవాడూ ఒకే మాట చెబితే దానికి బలం ఎక్కువ. పాత ఫోటో అంటూ వస్తే, అది మొదట ఎక్కడ అచ్చయిందో తెలియనిదే నమ్మకండి. ఇప్పుడు అలాంటి బొమ్మ చేయడం నిమిషాల పని. ఓపిక ఉన్నవారికి జిల్లా గెజెటీర్లు ఉన్నాయి, నిజాం కాలపు ఫారసీ, ఉర్దూ పత్రాల కోసం హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది.

నేనూ రాయాలనుకుంటున్నాను. ఏం పాటించాలి?

చీలిక ఒక్కటే ఉండాలి, చిన్నదై ఉండాలి. దానికి ముందున్న తేదీ ఒక్కటి కూడా తప్పు కాకూడదు. రాజుల గురించి తక్కువ రాయండి, మారిన లోకంలో పన్ను కట్టే రైతు గురించి, కొత్త భాషలో అర్జీ రాయించుకునే ముసలమ్మ గురించి ఎక్కువ రాయండి. చివర అసలు ఏం జరిగిందో చెప్పండి. ఫిలిప్ రాత్ 2004లో, విమానచోదకుడు లిండ్‌బర్గ్ అమెరికా అధ్యక్షుడైనట్టు నవల రాసి, చివర ఆ మనుషుల నిజ జీవిత వివరాలను సంవత్సరాలతో సహా అనుబంధంగా ఇచ్చాడు. నవల పట్టు దానివల్ల ఏమీ సడలలేదు. అలాంటి అనుబంధమైనా ఉండాలి, లేదా నార్లికర్‌లా రెండు పుటలనూ కథలోనే పక్కపక్కన పెట్టాలి. ఈ రెండూ లేని పుస్తకాన్ని బడి పిల్లలకు నేను సిఫారసు చేయను.